జాబిల్లి సెట్లు మళ్ళీ వస్తున్నాయి

విజయవాడ, వన్ టౌన్
12 జూన్ 2001

మిత్రుడు కరిముల్లాకు,

రామకోటేశ్వరరావు రాసేది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ అమ్మగారి మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయో రాయి. టైఫాయిడ్ వచ్చి నీ చెవులు తీసుకుపోయినప్పటి నుంచి ఫోను చేసి లాభం లేకుండా పోయింది. పోయినసారి మీ పక్కింటి పిల్ల ఫోనెత్తి, నేను చెప్పింది నీకు కాగితం మీద రాసి, నువ్వు చెప్పింది నాకు వినిపించి, చివరికి విసుగొచ్చి పెట్టేసింది. అందుకని ఈ ఉత్తరం.

సంగతి వ్యాపారమే. నువ్వు జాబిల్లి వీడియో గేమ్ సెట్లు చేయడం ఆపి నాలుగున్నరేళ్ళు దాటింది. ఈ వేసవి సెలవుల్లో నా షాపులో చైనా సెట్లు బాగానే పోయాయి. అట్టపెట్టె చూస్తే కళ్ళు చెదురుతాయి. లోపలి డబ్బా అగ్గిపెట్టెంత బరువుండదు. బళ్ళు తెరిచేలోగా సగం వెనక్కి వచ్చాయి. తెచ్చినవాళ్ళు ఊరికే పోకుండా, "జాబిల్లి లేదాండీ? అదైతే మా పెద్దాడి నుంచి చిన్నాడి దాకా వచ్చింది" అని నిలబడి అడుగుతున్నారు. పామర్రు నుంచి, అవనిగడ్డ నుంచి వచ్చినవాళ్ళు కూడా అదే మాట. చేయడం మానేసినవాడు మళ్ళీ బజారులోకి రాగలడా అంటే, రాగలడనే అంటాను. బల్ల నీది, షాపు నాది, మునుపటిలాగే. ఆలోచించు.

ఇంకొక మాట. రాయాలా వద్దా అని రెండు రోజులు తటపటాయించాను. పోయిన వారం గుడివాడ వైపు నుంచి ఒక మాస్టారు జాబిల్లి సెట్టు రిపేరుకు తెచ్చారు. ఆట ఆడే రిమోటు తీగ తెగింది, అంతే. గ్యారంటీ కార్డు కూడా జాగ్రత్తగా పట్టుకొచ్చారు. 'పరీక్షించినది' అన్నచోట మీ తమ్ముడు మునీర్ సంతకం ఉంది. కింద తారీఖు 3 మార్చి 2001. రెండూ ఒకే చేతిరాత, ఒకే సిరా.

మునీర్ లేడని నాకు తెలుసు, నీకు తెలుసు, కృష్ణమ్మకు తెలుసు. మరి ఇదేమిటో నువ్వే చెప్పాలి.

నీ
రామకోటేశ్వరరావు


మచిలీపట్నం
21 జూన్ 2001

కోటేశ్వరరావుకు సలాం.

ఉత్తరం అందింది. అమ్మ బాగానే ఉంది.

మళ్ళీ తయారీ అన్న మాట వద్దు. డబ్బాలు పోసే డై అచ్చు ఆటోనగర్‌లో ప్లాస్టిక్ పనివాడికి అమ్మేశాను. మనం బోర్డు మీద ఒక్కొక్క ముక్క అతికిస్తే, చైనావాళ్ళు ఆట మొత్తం ఒక్క చిప్పులో ఇమిడ్చి, నల్లటి జిగురుబొట్టు కింద పెట్టి పంపుతున్నారు. మన సెట్టు చేయడానికి అయ్యే ఖర్చుకు వాళ్ళ సెట్టు ఇంటికే వస్తుంది. అడిగేవాళ్ళు అడుగుతారు. కొనేటప్పుడు చవకదే కొంటారు. అదీగాక, సెట్టు చేసేవాడికి చెవులు ఉండాలి. లోపల ఏది బాగాలేదో ముందు శబ్దమే చెబుతుంది. ఇక్కడ టేప్ రికార్డర్లు కూడా మానేసి గడియారాలు బాగుచేసుకుంటున్నాను. నాకు ఇది చాలు.

కార్డు సంగతి. పాత కార్డులు ఎవరికో దొరికి ఉంటాయి. ఎవడో సంతకం దిద్ది తారీఖు వేశాడు. వన్ టౌన్‌లో దిద్దలేని సంతకం ఏముంది. ఇలాంటివి అమ్మ చెవిన పడకుండా చూడు. ఉత్తరాలు అప్పుడప్పుడు ఆమె చేతికే అందుతాయి.

కరిముల్లా


విజయవాడ
9 జూలై 2001

కరిముల్లాకు,

నువ్వు నమ్మవని తెలిసే కార్డులే పంపుతున్నాను. ఇందులో మూడున్నాయి. ఒకటి పోయిన ఏడాది దసరాకు ముందుది, ఒకటి మార్చిది, మూడోది మొన్న మే నెలది. మునీర్‌ది ఎడమచేతివాటం కదా. అక్షరాలు వెనక్కి వాలి, ఎదురుగాలిలో నడిచే మనిషిలా ఉంటాయి. దిద్దినవాడి గీత ఎక్కడో ఒకచోట వణుకుతుంది. వీటిని భూతద్దం పెట్టి చూశాను. ఎక్కడా వణకలేదు.

అంతకంటే పెద్ద సంగతి లోపల ఉంది. మాస్టారి సెట్టు విప్పాను. మన సెట్లకు ఒక జబ్బు ఉండేది గుర్తుందా? అరగంట ఆడేసరికి బొమ్మ పైకి జారిపోయేది. నువ్వూ మునీరూ ఏడాదిపాటు తల బద్దలు కొట్టుకున్నారు. పడవలో కృష్ణ దాటి దీవికి వెళ్ళే ముందురోజు మునీర్ నా షాపుకు వచ్చి, మజ్జిగ తాగుతూ, "జబ్బు దొరికింది కోటయ్యన్నా. మందు కూడా దొరికింది. వచ్చాక అన్నయ్యకు చూపిస్తా" అన్నాడు. ఆ మాట నీకు అప్పుడే చెప్పాను. వాడు రాలేదు. మందు ఏమిటో ఎవరికీ తెలియలేదు.

ఈ సెట్టులో ఆ మందు ఉంది. వేడెక్కే ముక్కను బోర్డు మీంచి తీసి, అడుగున చిన్న అల్యూమినియం రేకుకు బిగించారు. పొద్దున్న పది గంటలకు పెట్టి సాయంత్రం షాపు కట్టేదాకా ఆడించాను. బొమ్మ కదలలేదు.

నేను పగలు కూడా గోడౌన్‌లోకి ఒక్కణ్ణీ వెళ్ళడం మానేశాను. నవ్వుకో.

నీ
రామకోటేశ్వరరావు


మచిలీపట్నం
2 ఆగస్టు 2001

కోటేశ్వరరావుకు,

కవరు అమ్మ చేతికే అందింది. నేను వచ్చేసరికి మూడు కార్డులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆమెకు తెలుగు చదవడం రాదు. సంతకం చదవడానికి చదువెందుకు. "నేను అనలేదా" అంది, అంతే. అప్పటి నుంచి పొద్దున్నే లేచి వాకిలి వైపు ముఖం పెట్టి కూర్చుంటోంది. రెండు కార్డులు నాకిచ్చి, మే నెలది తన దిండు కింద పెట్టుకుంది.

అది వాడి చెయ్యే. నేను చిన్నప్పుడు వాడి ఎడమచేతి మీద స్కేలుతో కొట్టి కుడిచేత్తో రాయించాలని చూసినవాణ్ణి. నాకంటే ఎవరికి తెలుస్తుంది.

ఈ మధ్య నాకు ఒకటే ఆలోచన. పడవ తిరగబడినప్పుడు ముగ్గురు బయటపడ్డారు. పడవవాడూ మునీరూ దొరకలేదు. సముద్రం దగ్గరే కదా, లాక్కుపోయి ఉంటుందన్నారు. శవం చూసినవాళ్ళు లేరు. బతికి ఉండి, నా మీద కోపంతో ఇంటికి రాకుండా ఎక్కడో కూర్చుని సెట్లు చేస్తున్నాడా? కోపానికి కారణం ఉంది కోటేశ్వరరావ్. ఆ రోజు వాణ్ణి పంపింది నేను. దీవిలో షాపువాడు ఆరు సెట్లు తానే వచ్చి తీసుకుంటానన్నాడు. ఆ మాట నీకు చెప్పలేదు. మబ్బు పట్టి ఉంది. మునీర్ రేపు వెళ్తానన్నాడు. నేను ఈ రోజే వెళ్ళమన్నాను.

ఎందుకన్నది మళ్ళీ ఎప్పుడైనా రాస్తాను.

నువ్వు కూడా నా దగ్గర ఏదో దాస్తున్నావు. రిపేరుకు వచ్చిన సెట్టు ఒకటి, కార్డులు మూడు. మిగతా రెండు కార్డులు నీకెక్కడివి? ఆ సెట్లు ఎవరు తెస్తున్నారు?

కరిముల్లా


విజయవాడ
19 ఆగస్టు 2001

కరిముల్లాకు,

నన్ను క్షమించు. ఒక మనిషికి మాటిచ్చి నోరు కట్టుకున్నాను. నీ ఉత్తరం చదివాక, ఆ మాట నిలబెట్టుకోవడం పాపమనిపిస్తోంది.

సెట్లు చేస్తున్నది రూతు. మన బల్ల దగ్గర టంకం వేసే పిల్ల, నువ్వే పనిలో పెట్టుకున్నావు. ఆమె వేసిన టంకం ముత్యంలా ఉంటుందని నువ్వే అనేవాడివి. ఇప్పుడు ఉయ్యూరులో చక్కెర ఫ్యాక్టరీ వెనక సందులో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటోంది. తొంభై ఎనిమిదిలో ఒకరోజు సంచిలో రెండు సెట్లు పెట్టుకుని బస్సులో వచ్చింది. డబ్బాలు ఆటోనగర్‌లో నువ్వు డై అమ్మినవాడి దగ్గరే పోయించుకుంటోంది. సామాను నేనే తెప్పించి ఇస్తాను. నెలకు పది సెట్లు తెస్తుంది. పదీ పోతాయి. పెద్దాయనకు మాత్రం చెప్పొద్దండీ అని నీ గురించి మొదటిరోజే అడిగింది. ఎందుకని నేను అడగలేదు. చెప్పకూడదనుకున్న మనిషిని గుచ్చి అడగడం నాకు చేతకాదు.

సంతకం ఆమే పెడుతోందనుకున్నాను. జాబిల్లి అంటే కార్డు మీద మునీర్ సంతకం ఉండాలి కదా, అలవాటు కొద్దీ దిద్దుతోంది అనుకున్నాను. మార్చిలో సామాను ఇవ్వడానికి నేనే ఉయ్యూరు వెళ్ళాను. మాటల మధ్య, "సంతకం అచ్చు మునీర్‌ది లాగే పెడుతున్నావమ్మా" అన్నాను. ఆమె నావైపు వింతగా చూసింది. "నేనెక్కడ పెడతానండీ, ఆయనే పెడతారు" అంది. మంచినీళ్ళు తాగి వచ్చేశాను. మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

జూన్‌లో నిన్ను తిరిగి రమ్మని రాసింది ఇందుకే. బజారు అడుగుతున్న మాట నిజం. దాని వెనక ఈ మాట కూడా ఉంది. ఆ పిల్ల ఒక్కతీ ఆ గదిలో ఏమైపోతుందో అని భయం. ఆ బల్ల నీది. నువ్వు వస్తే ఆ గదిలో ఇంకొక మనిషి ఉంటాడు, ప్రాణమున్న మనిషి.

వెళ్తావా?

నీ
రామకోటేశ్వరరావు


మచిలీపట్నం
20 డిసెంబరు 2001

కోటేశ్వరరావుకు సలాం. మొన్న సోమవారం పండగ అయింది.

నాలుగు నెలలు జవాబు రాయలేదు. వెళ్ళడానికి ధైర్యం చాలలేదు. రోజూ బస్టాండు దాకా నడిచి వెనక్కి వచ్చేవాణ్ణి. రంజాన్ చివరి వారంలో ఒకరోజు, ఉపవాసంతోనే బస్సెక్కాను.

ఉయ్యూరులో చెరకు క్రషింగు మొదలైంది. చెరకు బళ్ళు రోడ్డు పొడుగునా నిలబడి ఉన్నాయి. ఊరంతా మడ్డి వాసన. రూతు ఇల్లు అడగాల్సిన పని లేకపోయింది. ఫ్యాక్టరీ క్వార్టర్ల పిల్లలు, "గేమ్ అక్క ఇల్లా?" అని గుమ్మం దాకా తీసుకెళ్ళారు. వాళ్ళు మాత్రం లోపలికి రాలేదు.

తలుపు తీసి నన్ను చూసింది. ఆశ్చర్యపోలేదు. పక్కకు జరిగి దారిచ్చింది. నాకు ఉపవాసమని గుర్తుంచుకుంది, టీ అడగలేదు. మనిషి చిక్కిపోయింది. కళ్ళజోడు వచ్చింది. గదిలో కిటికీ పక్కన బల్ల, బల్ల మీద చిన్న టీవీ. రెండు స్టూళ్ళు. ఒకదాని మీద ఆమె కూర్చుంది. రెండోది లాక్కోబోతే, "అది కాదండీ" అని నాకు మంచం చూపించింది.

పని ఆపలేదు. నేను మంచం మీద కూర్చుని చూస్తూ ఉండిపోయాను. వినపడనివాడికి చూపు ఎక్కువ. బోర్డు మీద చివరి టంకం వేసింది. మూత బిగించింది. టీవీకి తగిలించి, రిమోటు తీసి ఖాళీ స్టూలు ముందు పెట్టింది. తర్వాత ఆ స్టూలు వైపు తిరిగి మాట్లాడుతోంది. పెదవులు చూసి కొంత అర్థం చేసుకున్నాను. వంకాయలు ముదిరిపోయాయని, ఇంటి ఓనరు సున్నం వేయిస్తానన్నాడని, అలాంటి మాటలు. ఇల్లాలు భోజనానికి కూర్చున్న మనిషితో చెప్పే మాటలు. మధ్యలో ఆగి, విని, తల ఊపి, మళ్ళీ అందుకునేది.

పది నిమిషాలయ్యాక కార్డు తీసి బల్ల మీద పెట్టింది. అప్పుడు చూశాను. మాటలు ఆగలేదు, కళ్ళు స్టూలు మీంచి కదల్లేదు. ఆమె ఎడమచెయ్యి ఒక్కటే లేచి, కలం తీసుకుని, కార్డు మీద మునీర్ పేరూ తారీఖూ రాసి, కలం పెట్టేసి, మళ్ళీ ఒళ్ళోకి వెళ్ళిపోయింది. ఆ చెయ్యి ఆమెది కానట్టే ఉంది. ఒక్క చూపు కూడా దానివైపు పోలేదు.

"రూతూ, ఈ కార్డు మీద ఎవరు రాశారు?" అన్నాను.

"మీ ఎదురుగానే కదా రాశారు, బావగారూ" అంది.

ఐదేళ్ళు మా దగ్గర పనిచేసింది. ఎప్పుడూ సార్ అనేది. బావగారూ అన్న మాట ఆమె పెదవుల మీద చూసి, తప్పు చదివానేమో అనుకున్నాను. లేచి పెట్టెలోంచి కాగితం తీసి ఇచ్చింది. రిజిస్ట్రారు ఆఫీసు ముద్ర. 1996 అక్టోబరు 21. వాడు పడవెక్కడానికి మూడు వారాల ముందు.

ఒక ఖాళీ కాగితం ఇచ్చి తన పేరు రాయమన్నాను. కుడిచేత్తో, నెమ్మదిగా, గుండ్రంగా రాసింది. ఎడమచేత్తో రాయమన్నాను. నవ్వి, ప్రయత్నించింది. కలం వేళ్ళలోంచి జారి కింద పడింది.

ఇక నీకు చెప్పనిది చెబుతాను. వాడూ ఈ పిల్లా పెళ్ళి చేసుకోబోతున్నారని, వాణ్ణి దీవికి పంపడానికి ముందురోజే నా చెవిన పడింది. అప్పటికే అయిపోయిందని తెలియదు. రెండు రోజులు వాణ్ణి ఊళ్ళో లేకుండా చేస్తే, ఈలోగా ఈమెను పనిలోంచి పంపేయవచ్చనుకున్నాను. పంపేశాను కూడా. వాడు నీళ్ళలో ఉన్న వేళకు నేను ఆమె చేతిలో నెల జీతం పెట్టి, రేపటి నుంచి రావద్దని చెబుతున్నాను. ఇది అమ్మకు తెలియదు, నీకు తెలియదు, ఎవరికీ తెలియదు.

ఆ రోజు ఆ గదిలో రూతుకు ఇదంతా చెప్పాను. చెప్పడానికే వెళ్ళాను. ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"తెలుసండీ. ఆయన చెప్పారు" అంది.

"ఎప్పుడు?"

"మొన్న. వాన పడిన రోజు."

నేను మంచం పట్టీ పట్టుకున్నాను. ఆమె ముఖంలో కోపం లేదు, పిచ్చి లేదు. పక్కింటి కబురు చెప్పినట్టు చెప్పింది. వచ్చేటప్పుడు గుమ్మం దాకా వచ్చి, జాగ్రత్తగా వెళ్ళమంది. బస్సులో తల తిప్పి వెనక్కి చూడాలంటే భయం వేసింది.

కరిముల్లా


విజయవాడ
28 డిసెంబరు 2001

కరిముల్లాకు,

నీ ఉత్తరం రెండోసారి చదవలేదు. చదవలేను.

నువ్వు చేసిన దాని గురించి నేనేమీ అనను. అనడానికి నేనెవర్ని. కానీ జూన్‌లో రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. నువ్వు తయారీలోకి రావద్దు. ఆ గదికి వెళ్ళొద్దు. చైనా సరుకు బజారంతా నిండిపోయింది. దానితో పోటీ ఎవరి వల్లా కాదు. నువ్వు మొదటే చెప్పావు, నేనే వినలేదు. రూతు దగ్గర సెట్లు తీసుకోవడం కూడా ఆపేద్దామనుకుంటున్నాను. ఈ నెల తెచ్చిన పదీ గోడౌన్‌లో అలాగే ఉన్నాయి. పెట్టెలు తాకాలంటే చేతులు రావడం లేదు. మా పద్మావతమ్మ ఏమైందని అడిగితే, చలి అన్నాను. పెళ్ళాంతో అబద్ధం చెప్పడం నాకు కొత్త.

ఎవరైనా మంచి డాక్టరుకు చూపిద్దాం ఆ పిల్లను. లేదా వాళ్ళ చర్చి పాస్టరు గారికి చెబుదాం. మన వల్ల అయ్యేది కాదు.

నీ
రామకోటేశ్వరరావు


మచిలీపట్నం
6 జనవరి 2002

కోటేశ్వరరావుకు,

సెట్లు తీసుకోవడం ఆపొద్దు. చేతులెత్తి అడుగుతున్నాను. ఆమెకు అదే తిండి. ఒకసారి నేను ఆమె తిండి తీశాను, ఫలితం చూశాం.

డాక్టరు, పాస్టరు తర్వాత. ముందు నేను వెళ్తాను. పోటీ సంగతి నువ్వు చెప్పకపోయినా తెలుసు. చైనా సెట్టుతో పోటీ పడే సెట్టు నేను చేయలేను. కానీ పిల్లవాడి రిమోటు పాడైతే బాగుచేసి ఇచ్చే సెట్టు చేయగలను. పెద్ద కొడుకు నుంచి చిన్న కొడుక్కి వచ్చే సెట్టు చేయగలను. అలాంటిది ఈ కృష్ణా జిల్లాలో నెలకు పాతిక ఇళ్ళకు కావాలి. అంతకంటే పెద్ద బజారు నాకు అక్కర్లేదు. వినపడకపోతే, రూతు వింటుంది.

తయారుచేసినవాడు బతికుండగా ఆ కార్డు మీద నీళ్ళలో పోయినవాడు సంతకం పెట్టడం న్యాయం కాదు. వాడి పని నేను తీసుకోవాలి. తీసుకోనిస్తాడో లేదో తెలియదు.

అమ్మకు అంతా చెప్పేశాను. నేను చేసింది కూడా. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు, తననూ తీసుకెళ్ళమంది.

కరిముల్లా


విజయవాడ
15 ఫిబ్రవరి 2002

కరిముల్లా,

నెలన్నరగా నీ కబురు లేదు. బందరుకు మనిషిని పంపితే, ఇంటికి తాళం ఉందన్నాడు. ఈ నెల రూతు కూడా రాలేదు. గోడౌన్‌లో పెట్టిన పది సెట్లూ అమ్మేశాను, నీ మాట మీద. ఒక్కటీ వెనక్కి రాలేదు.

ఈ ఉత్తరం ఉయ్యూరు చిరునామాకు వేస్తున్నాను. రెండు ముక్కలు రాయి చాలు.

రామకోటేశ్వరరావు


ఉయ్యూరు
10 మార్చి 2002

కోటేశ్వరరావుకు సలాం.

కంగారు పెట్టాను, మన్నించు. అమ్మా నేనూ ఇక్కడే ఉన్నాం. రూతు గదికి ఆనుకుని ఒక వాటా ఖాళీగా ఉంటే తీసుకున్నాం.

అమ్మను తీసుకొచ్చిన రోజు సంగతి మొదట రాయాలి. రూతు ఆమెను చూడగానే తలమీద కొంగు కప్పుకుని, కాళ్ళకు దండం పెట్టింది. అమ్మ మంచం మీద కూర్చుని, రెండో స్టూలు వైపే చూస్తూ ఉంది. వచ్చీరాని తెలుగులో అడిగింది.

"నా కొడుకు బాగున్నాడా?"

రూతు స్టూలు వైపు చూసి, మళ్ళీ అమ్మ వైపు చూసింది.

"బాగానే ఉంటారు అత్తయ్యగారూ. బట్టలే ఆరవు."

"ఏం బట్టలు?"

"తడిబట్టలతోనే వస్తారండీ. తువ్వాలు ఇస్తే తీసుకోరు. పొయ్యి దగ్గర కూర్చోమంటే కూర్చోరు. ఐదేళ్ళుగా అంతే. అడుగున నీళ్ళు కారుతుంటాయి, నేను తుడుస్తుంటాను."

అమ్మ మంచం దిగింది. ఆ మోకాళ్ళతో కింద కూర్చుని, చెయ్యి చాపి స్టూలు కింద గచ్చు తడిమింది. చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఉప్పునీళ్ళు" అంది నాతో, మా ఉర్దూలో. నేనూ తడిమాను. నాకు గచ్చు చల్లగా తగిలింది, అంతే. తడి ఉందో లేదో ఇప్పటికీ చెప్పలేను. ఆ చెమ్మ నా చేతిదే కావచ్చు.

నీకు తెలుసో లేదో, మునీర్ పేరున ఇంతవరకూ మా ఇంట్లో, పోయినవాళ్ళ కోసం చదివించే ఫాతిహా ఇప్పించలేదు. మూడో రోజు చేయలేదు, నలభయ్యో రోజు చేయలేదు. ఎవరైనా ఆ మాటెత్తితే అమ్మ లేచి లోపలికి పోయేది. శవం చూడకుండా కొడుకును ఎలా పంపమంటారు అనేది. నేను పట్టుపట్టలేదు. పట్టుపట్టే ముఖం నాకెక్కడిది.

ఆ రోజు గచ్చు మీద కూర్చునే, అమ్మ నా భుజం పట్టుకుని, నాకు కనపడేలా ముఖం తిప్పి చెప్పింది. "ఐదేళ్ళు బిడ్డను తడిబట్టల్లో కూర్చోబెట్టాం. నేను తలుపు తీసి పెట్టాను, ఈ పిల్ల స్టూలు వేసి పెట్టింది. ఇక వదిలేద్దాం."

రూతు ఒప్పుకోవడానికి నెల పట్టింది. బతిమాలలేదు, గదమలేదు. అమ్మ రోజూ వెళ్ళి ఆమె పక్కన కూర్చునేది. మునీర్ చిన్నప్పటి సంగతులు చెప్పేది. రూతు వాడి పెద్దప్పటి సంగతులు చెప్పేది. నేను కొట్టిన స్కేలు దెబ్బల సంగతి కూడా వచ్చే ఉంటుంది. ఇద్దరూ ఒకసారి నావైపు చూసి నవ్వారు. ఆ నెల సెట్లు చేయలేదు. అందుకే నీకు రాలేదు. ఒకరోజు రూతే వచ్చి, "నేను కూడా కూర్చోవచ్చాండీ, మా దానివి కాదంటారేమో" అని అడిగింది. అమ్మ ఆమెను దగ్గరకు తీసుకుని, పెళ్ళాం కూర్చోకపోతే ఎవరు కూర్చుంటారంది.

పోయిన గురువారం, ఇక్కడి మసీదు నుంచి హజరత్ గారు వచ్చారు. పగటిపూటే, ఆ గదిలోనే. తీపి అన్నం రూతు వండింది. ఫాతిహా చదువుతున్నంతసేపూ ఆమె కళ్ళు మూసుకోలేదు. స్టూలునే చూస్తూ ఉంది. అయిపోయాక, ఏమైనా కనపడిందా అని అడగాలనుకున్నాను. అడగలేదు.

శుక్రవారం నమాజు అయ్యాక బల్ల దగ్గరకు వెళ్ళాను. రూతు ఒక సెట్టు పూర్తి చేసి మూత బిగిస్తోంది. ఎప్పటిలాగే టీవీకి తగిలించింది, రిమోటు ఖాళీ స్టూలు ముందు పెట్టింది, కార్డు పెట్టింది. ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. నేను ఆమె ఎడమచేతినే చూస్తున్నాను. పది నిమిషాలు గడిచాయి. పావుగంట. టీవీలో బొమ్మ కదలకుండా నిలబడి ఉంది. చెయ్యి లేవలేదు.

ఆమె తల తిప్పి గుమ్మం వైపు చూసింది. ముఖం వెలిగింది. అలా ఆమె నవ్వగా నేను మన బల్ల దగ్గర కూడా చూడలేదు.

"వచ్చారండీ" అంది. "గుమ్మంలో ఉన్నారు. పొడిబట్టలు వేసుకున్నారు. ఇస్త్రీ చొక్కా."

నేను చూశాను. గుమ్మంలో మధ్యాహ్నపు ఎండ ఉంది. అవతల చెరకు బండి ఒకటి పోతోంది.

"లోపలికి రమ్మను" అన్నాను. నా గొంతు ఎంత పెద్దగా వచ్చిందో నాకు తెలియదు.

ఆమె కాసేపు వింది. "రానంటున్నారు. పని ఆగిపోతోందట, మిమ్మల్ని కూర్చోమంటున్నారు."

లేచి వెళ్ళి ఆ స్టూలు మీద కూర్చున్నాను. పొడి చెక్క. రిమోటు తీసుకుని పది నిమిషాలు ఆడాను. నాకు ఆట సరిగ్గా రాదని నీకు తెలుసు, మూడుసార్లు ఓడిపోయాను. బొమ్మ మాత్రం చక్కగా నిలిచింది. శబ్దం సరిగ్గా ఉందా అని రూతును అడిగాను. ఉందని తల ఊపింది. కార్డు తీసుకుని 'పరీక్షించినది' అన్నచోట నా పేరు రాశాను. చోటు మిగిలితే, పక్కన ఆమెను కూడా రాయమన్నాను.

నువ్వు జూన్‌లో అడిగిన దానికి ఇదే నా జవాబు. జాబిల్లి మళ్ళీ తయారవుతోంది. ఈ నెల పన్నెండు సెట్లు, మే నెలకల్లా పాతిక. భయపడకుండా తీసుకో. కార్డుల మీద ఉన్నవి బతికున్నవాళ్ళ పేర్లే.

నేను సంతకం పెడుతున్నప్పుడు రూతు నావైపు చూడలేదు, గుమ్మం వైపే చూస్తోంది. సందు చివరిదాకా ఎవరినో సాగనంపుతున్నట్టు, ఆమె తల మెల్లగా పక్కకు తిరిగింది. ఆ తర్వాత లేచి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసి వచ్చింది. వచ్చి కూర్చుని, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, ఏడ్చింది. అమ్మ పక్క వాటాలోంచి లేచి వచ్చిందంటే, పెద్దగానే ఏడ్చి ఉంటుంది.

నీ
కరిముల్లా